నామినీ, లీగల్ హెయిర్: డబ్బు ఎవరి చేతికి, ఎవరి సొంతానికి? తరచుగా అడిగే ప్రశ్నలు

బ్యాంకులో క్లెయిముల సీటులో కూర్చున్న రోజుల్లో మొదలైన ఈ ప్రశ్నలు రిటైరయ్యాక కూడా నన్ను వదల్లేదు. పొద్దున వాకింగ్‌లో ఒకరు, పెళ్లి భోజనాల దగ్గర ఇంకొకరు, అర్ధరాత్రి డాలస్ నుంచి మేనల్లుడు. తిప్పి తిప్పి అడిగేది అదే. అందుకే అన్నీ ఒకచోట రాసిపెట్టాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోండి. వారసుల వాటాల గురించి చెప్పినవి ఎక్కువగా 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం. ముస్లింలకు, క్రైస్తవులకు సంబంధించినది విడి ప్రశ్నగా ఉంది.

## అసలు మాటల దగ్గర

నామినీ అన్నా, లీగల్ హెయిర్ అన్నా ఒకటే కదా?

కాదు. నామినీ అంటే, మీరు పోయాక ఫలానా డబ్బు ఎవరి చేతికి ఇవ్వాలో మీరే ఫారంలో పేరు రాసి చెప్పిన మనిషి. లీగల్ హెయిర్ అంటే, ఆ డబ్బు ఎవరికి చెందుతుందో చట్టం చెప్పే మనిషి. నామినీ మీ సంతకంతో పుడతాడు. వారసుడు మీతో ఉన్న చుట్టరికంతో పుడతాడు. చాలా ఇళ్లలో భార్యే నామినీ, భార్యే వారసురాలు కాబట్టి తేడా బయటపడదు. నామినీ ఒకరు, వారసులు నలుగురు అయినచోట బయటపడుతుంది. అదీ దినకర్మలు అయిన మర్నాడే.

తెలుగులో వీటిని ఏమనాలి?

లీగల్ హెయిర్‌కి వారసుడు, వారసురాలు అని చక్కటి మాటలున్నాయి. మూలం అరబ్బీ 'వారిస్'. తెలంగాణలో తండ్రి పేరు మీది పొలం పిల్లల పేరుకు మార్చుకోవడాన్ని విరాసత్ అంటారు, అదీ ఆ కుదురులోదే. సంస్కృతం వైపు నుంచి వచ్చింది దాయాది. దాయం అంటే వారసత్వంగా వచ్చే సొత్తు, అందులో వాటా ఉన్నవాడు దాయాది. మన వాడుకలో ఆ మాటకు పగ వాసన ఎందుకు పట్టిందో వేరే చెప్పక్కర్లేదు.

నామినీకి మాత్రం మన దగ్గర నలిగిన మాట లేదు. కాగితాల మీద 'నామనిర్దేశితుడు' అని కనిపిస్తుంది గానీ నోటితో ఎవరూ అనరు. నామినీ అనే మాటకు మూలం లాటిన్‌లో పేరు అని అర్థమున్న 'నోమెన్'. అంటే పేరు రాయబడిన మనిషి, అంతే. హక్కు సంగతి ఆ మాటలోనే లేదు.

నామినీకి డబ్బు వచ్చిందంటే ఆయన సొంతం అయినట్టేగా?

ఎక్కువ సందర్భాల్లో కాదు. డబ్బు నామినీ చేతికి వస్తుంది, అక్కడి నుంచి వారసులకు చేరాలి. సర్బతీ దేవి కేసులో సుప్రీంకోర్టు బీమా డబ్బు గురించి ఈ మాటే చెప్పింది, 1983 డిసెంబరులో. బ్యాంకు డిపాజిట్ల గురించి 2010లో రామ్ చందర్ తల్వార్ కేసులో చెప్పింది. షేర్లకు మాత్రం కంపెనీల చట్టంలోని మాటలు వేరుగా ఉన్నాయి, నామినీకే పూర్తి హక్కు అని కొందరు వాదించారు. 2023 డిసెంబరులో శక్తి యజ్దానీ కేసులో ఆ వాదన కూడా నిలబడలేదు. నలభై ఏళ్లలో అదే ప్రశ్న వేర్వేరు వేషాల్లో కోర్టు మెట్లెక్కింది, అదే జవాబుతో దిగింది.

అలాంటప్పుడు బ్యాంకు వారసులకే నేరుగా ఇవ్వొచ్చుగా? మధ్యలో నామినీ ఎందుకు?

ఎవరు వారసులో తేల్చడం బ్యాంకు పని కాదు, దానికి ఆ అధికారమూ లేదు. కౌంటర్ ముందు ముగ్గురు అన్నదమ్ములు నిలబడితే, ఊళ్లో నాలుగో వాడు ఉన్నాడో లేడో మేనేజరుకు ఎలా తెలుస్తుంది? నామినీకి ఇచ్చేస్తే బ్యాంకు బాధ్యత తీరిపోతుందని బ్యాంకింగ్ నియంత్రణ చట్టం 45జెడ్ఏ సెక్షన్ చెబుతోంది. నామినీ ఉండటం వల్ల మొదటి లాభం బ్యాంకుకి. రెండోది కుటుంబానికి: ఆస్పత్రి బిల్లు, అంత్యక్రియల ఖర్చు నెత్తిన ఉన్న సమయంలో కోర్టు చుట్టూ తిరగకుండా డబ్బు బయటికి వస్తుంది.

## ఫారం నింపేటప్పుడు

నామినీగా స్నేహితుణ్ణి పెట్టొచ్చా, చుట్టమే కావాలా?

బ్యాంకు ఖాతాకు, షేర్లు ఉంచుకునే డీమాట్ ఖాతాకు ఎవరినైనా పెట్టొచ్చు. పీఎఫ్‌కు కుదరదు. కుటుంబం ఉన్నవాళ్లు కుటుంబ సభ్యుల పేర్లే రాయాలి. ఎవరూ లేనప్పుడు బయటివాళ్ల పేరు రాయనిస్తారు, కానీ తర్వాత కుటుంబం ఏర్పడిన రోజున ఆ నామినేషన్ చెల్లకుండా పోతుంది. స్నేహితుణ్ణి పెట్టడం తప్పేమీ కాదు. ఆయన మీ వారసుడు కాడని, డబ్బు మీ వాళ్లకు అప్పగించాల్సిన మనిషని మీకూ ఆయనకూ ముందే తెలిసి ఉండాలి. ఆయనకే దక్కాలనుకుంటే వీలునామా రాయండి.

ఒకే ఖాతాకు ఇద్దరు కూతుళ్లను నామినీలుగా పెట్టొచ్చా?

ఇప్పుడు పెట్టొచ్చు. 2025 నవంబరు 1 నుంచి బ్యాంకు డిపాజిట్లకు నలుగురి దాకా నామినీలను అనుమతిస్తున్నారు. రెండు రకాలుగా రాయొచ్చు: అందరికీ ఒకేసారి, ఒక్కొక్కరికి ఎంత శాతమో చెప్పి, లేదా వరసగా, మొదటివారు లేకపోతే రెండోవారు అన్నట్టు. లాకరుకు వరస పద్ధతి ఒక్కటే. డీమాట్, మ్యూచువల్ ఫండ్లలో పది మంది దాకా పెట్టొచ్చు.

పాత ఖాతాలో ఒకే పేరు ఉంటే అది అలాగే ఉంటుంది, దానంతట అది మారదు. బ్రాంచికి వెళ్లి మార్పించుకోవాలి. శాతాలు రాసేటప్పుడు కూడిక వంద వస్తుందో లేదో చూసుకోండి. నవ్వకండి, చదువుకున్నవాళ్లే తప్పు చేస్తారు.

మా బాబుకు ఎనిమిదేళ్లు. వాడిని నామినీగా పెట్టొచ్చా?

పెట్టొచ్చు. వాడు మేజర్ అయ్యేలోపు మీకేమైనా అయితే డబ్బు అందుకోవడానికి ఒక పెద్దమనిషి పేరు కూడా రాయాలి. బీమాలో ఆ మనిషిని అపాయింటీ అంటారు. ఆ గడి ఖాళీగా వదిలేసిన ఫారాలు నేను కట్టలకొద్దీ చూశాను. పద్దెనిమిది నిండాక ఆ పెద్దమనిషి అవసరం ఉండదు, అప్పుడు రికార్డు మార్పించండి.

నామినీని పెట్టేశాను కదా, ఇంక వీలునామా ఎందుకు?

నామినేషన్ డబ్బు ఎవరి చేతికి వెళ్లాలో చెబుతుంది. వీలునామా ఎవరికి చెందాలో చెబుతుంది. రెండిటికీ పొత్తు కుదరకపోతే హక్కు విషయంలో వీలునామాదే పైచేయి. వీలునామాకు స్టాంపు పేపరు అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. తెల్ల కాగితం మీద రాసి సంతకం పెట్టి, ఇద్దరు సాక్షుల చేత సంతకం చేయిస్తే చాలు. లబ్ధి పొందేవాళ్లను సాక్షులుగా పెట్టకండి. నన్నడిగితే రిజిస్టర్ చేయించడమే మేలు, తర్వాత 'ఈ సంతకం నాన్నది కాదు' అనే మాటకు బలం తగ్గుతుంది. అన్నిటికంటే మంచిది, వీలునామాలో ఉన్న పేరే నామినీగా కూడా ఉండటం.

పొలానికి, ఇంటికి నామినీని ఎక్కడ రాయించాలి?

ఎక్కడా లేదు. పొలానికి, స్థలానికి, సొంత ఇంటికి నామినీ అనే ఏర్పాటే లేదు. అవి వీలునామా ఉంటే దాని ప్రకారం, లేకపోతే వారసత్వ చట్టం ప్రకారం పోతాయి. అంతే.

రైతు బీమా ఫారంలో నామినీ గడి చిన్నదే కదా, అంత పట్టించుకోవాలా?

చాలా పట్టించుకోవాలి. తెలంగాణలో 2018లో మొదలైన రైతు బీమాలో 18 నుంచి 59 ఏళ్ల మధ్య రైతు ఏ కారణంతో చనిపోయినా 5 లక్షలు నామినీ ఖాతాలో పడతాయి. చిక్కంతా ఆధార్‌లో ఒక పేరు, ఫారంలో ఇంకో పేరు ఉండటంతోనే. ఇంట్లో 'లచ్చమ్మ' అని పిలుస్తారు, ఫారంలో అదే రాస్తారు, ఆధార్‌లో లక్ష్మి అని ఉంటుంది. నామినీ ముందే చనిపోయినా ఎవరూ మార్పించరు. వ్యవసాయ విస్తరణ అధికారి దగ్గరికి వెళ్లి ఇప్పుడే సరిచేయించుకుంటే తర్వాత ఏడుస్తూ ఆఫీసుల చుట్టూ తిరిగే పని తప్పుతుంది.

జీవిత బీమాలో నామినీకే మొత్తం హక్కు అంటున్నారు, నిజమేనా?

చట్టంలో ఆ మార్పు వచ్చిన మాట నిజం. 2015లో బీమా చట్టం 39వ సెక్షన్ మార్చారు. తల్లిదండ్రులు, భార్య లేదా భర్త, పిల్లలు నామినీగా ఉంటే ఆ డబ్బుపై ప్రయోజనం వాళ్లదే అని రాశారు. తమ్ముడినో మేనల్లుడినో పెడితే ఇది వర్తించదు. అయితే ఈ మార్పు తర్వాత కూడా ఇతర వారసులు వాటా అడగొచ్చా లేదా అన్నదానిపై హైకోర్టులు ఒకే మాట చెప్పలేదు. గొడవ వచ్చే ఇల్లయితే సెక్షన్ మీద భరోసా పెట్టుకుని కూర్చోకండి, వీలునామాలో పాలసీ నంబరుతో సహా రాయండి.

అప్పులు ఎక్కువగా ఉన్న వ్యాపారస్తులకు ఇంకో దారి ఉంది. 1874 నాటి వివాహిత మహిళల ఆస్తి చట్టం కింద పాలసీ తీసుకుంటే అది భార్యాపిల్లల కోసం ట్రస్టులాగా నిలుస్తుంది. అప్పులవాళ్లు దాని మీద చెయ్యి వేయలేరు. కానీ ఈ మాట పాలసీ తీసుకునే రోజునే రాయించాలి.

## పెళ్లి తర్వాత, సంసారం మారాక

ఉద్యోగంలో చేరినప్పుడు అమ్మను నామినీగా పెట్టాను. ఇప్పుడు పెళ్లయింది. మార్చాలా?

మార్చండి, ఈ వారమే. సుప్రీంకోర్టు 2009లో తేల్చిన శిప్రా సేన్‌గుప్తా కేసు ఇదే కథ. ఒక బ్యాంకు ఉద్యోగి పెళ్లికి ముందు తల్లిని నామినీగా పెట్టాడు, పెళ్లయ్యాక మార్చలేదు, చనిపోయాడు. నామినీ కాబట్టి మొత్తం తనదే అని తల్లి, తనకూ వాటా ఉందని భార్య. నామినీగా ఉన్నంత మాత్రాన మొత్తం తల్లిది కాదని, వారసత్వ చట్టం ప్రకారం పంచుకోవాలని కోర్టు చెప్పింది. కొడుకును పోగొట్టుకున్న తల్లి ఒకవైపు, భర్తను పోగొట్టుకున్న అమ్మాయి ఒకవైపు, మధ్యలో ఏళ్లకేళ్లు వాయిదాలు. ఒక ఫారం మార్చి ఉంటే చాలా భాగం తప్పేది.

పీఎఫ్‌లో ఆన్‌లైన్‌లోనే ఇ-నామినేషన్ వేయొచ్చు. గ్రాట్యుటీ నామినేషన్ వేరుగా ఉంటుంది, కంపెనీ హెచ్‌ఆర్‌ను అడగండి. భార్యకూ అమ్మకూ ఇద్దరికీ శాతాలు రాయొచ్చు. ఇందులో ఎవరినీ అవమానించడం లేదు.

నాకు పెళ్లి కాలేదు. నాన్నే నామినీ. నేను పోతే ఆయనకే కదా?

ఇక్కడ చాలామంది ఆశ్చర్యపోతారు. హిందూ పురుషుడికి మొదటి తరగతి వారసుల్లో, అంటే అందరికంటే ముందు ఆస్తి దక్కేవాళ్లలో, కొడుకులు, కూతుళ్లు, భార్య, తల్లి ఉన్నారు. తండ్రి లేడు! ఆయన రెండో తరగతిలో ఉన్నాడు. కాబట్టి పెళ్లికాని అబ్బాయి వీలునామా రాయకుండా పోతే, తల్లి బతికి ఉంటే స్వార్జితమంతా తల్లికే. నాన్న నామినీగా డబ్బు తీసుకున్నా అది అమ్మది. మామూలు ఇంట్లో దీనివల్ల నష్టమేమీ లేదు. అమ్మానాన్న విడిగా ఉంటున్న ఇంట్లో మాత్రం ఇదే పెద్ద విషయం.

పెళ్లైన ఆడవాళ్ల డబ్బు ఎవరికి పోతుంది?

ముందు పిల్లలకు, భర్తకు. వాళ్లెవరూ లేకపోతే హిందూ వారసత్వ చట్టం 15వ సెక్షన్ ప్రకారం భర్త వారసులకు, ఆ తర్వాతే ఆమె అమ్మానాన్నలకు. ఆమె పుట్టింటి నుంచి వారసత్వంగా వచ్చిన ఆస్తయితే మాత్రం, పిల్లలు లేనప్పుడు తండ్రి వారసులకు తిరిగి వెళుతుంది. సొంత సంపాదనకు ఆ వెసులుబాటు లేదు.

2009లో సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన ఒక కేసు చదివినప్పుడు నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పెళ్లైన మూడు నెలలకే భర్త పోయాడు. అత్తవారు ఆమెను వెళ్లగొట్టారు. పుట్టింటివాళ్లు చదివించారు, ఉద్యోగం చేసింది, డబ్బు కూడబెట్టింది. వీలునామా రాయకుండా పోయింది. ఆ డబ్బు పుట్టింటివాళ్లకు కాదు, భర్త తరఫు వాళ్లకే వెళ్లింది. చట్టం అలా ఉంది, జాలితో తీర్పు చెప్పలేమంది కోర్టు. ఒంటరిగా ఉన్న, ఉద్యోగం చేసుకుంటున్న ప్రతి ఆడపిల్లకూ నేను చెప్పేది ఒకటే: తమ్ముణ్ణి నామినీగా పెట్టి ఊరుకోకమ్మా, వీలునామా రాయి.

పెళ్లైన కూతురు వారసురాలు అవుతుందా? కట్నం ఇచ్చేశాం కదా?

అవుతుంది. తండ్రి స్వార్జితంలో కూతురు 1956 నుంచీ మొదటి తరగతి వారసురాలే, పెళ్లితో ఆ హోదా పోదు. కట్నం ఇచ్చాం అనే మాట చట్టంలో చెల్లదు. ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతుళ్లకు పుట్టుకతో హక్కు ఇచ్చిన తొలి రాష్ట్రాల్లో మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లోకి వచ్చింది, అప్పటికి పెళ్లికానివాళ్లకు మాత్రమే. దేశమంతటా అందరు కూతుళ్లకూ 2005లో వచ్చింది.

నామినీ నాకంటే ముందే పోతే?

ఆ ఒక్క పేరే ఉంటే ఆ నామినేషన్ ఉండీ లేనట్టే. నామినీ పిల్లలకు ఆ స్థానం వెళ్లదు. కొత్త పేరు రాయాలి.

ముస్లింలకు, క్రైస్తవులకు కూడా ఇవే లెక్కలా?

నామినీ లెక్క ఒకటే, బ్యాంకు మతం చూడదు. వారసుల లెక్క వేరు. ముస్లిం కుటుంబంలో భర్త పోతే, పిల్లలుంటే భార్యకు 8వ వంతు, లేకపోతే 4వ వంతు. వారసుల సమ్మతి లేకుండా వీలునామాతో మూడో వంతుకు మించి రాయడం కుదరదు. క్రైస్తవులకు 1925 నాటి భారత వారసత్వ చట్టం వర్తిస్తుంది: పిల్లలుంటే భార్యకు మూడో వంతు, మిగతాది పిల్లలకు సమానంగా.

## మనిషి పోయాక

నామినీగా నేను బ్యాంకుకు ఏమేం తీసుకెళ్లాలి? ఎన్ని రోజులు పడుతుంది?

మరణ ధ్రువపత్రం, మీ గుర్తింపు కాగితం, బ్యాంకు ఇచ్చే క్లెయిము ఫారం. నామినీ ఉన్నప్పుడు లీగల్ హెయిర్ సర్టిఫికెట్ తెమ్మని అడగకూడదు. కాగితాలన్నీ ఇచ్చాక 15 రోజుల్లో తేల్చాలని రిజర్వ్ బ్యాంకు నియమం. అయినా తిప్పుతుంటే 'ఎందుకు ఇవ్వరో రాసివ్వండి' అని మర్యాదగా అడగండి. నా అనుభవంలో ఆ ఒక్క వాక్యానికి ఉన్న బలం అరుపులకు లేదు.

ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, సక్సెషన్ సర్టిఫికెట్ ఒకటేనా?

కాదు. ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ తహసీల్దార్ ఆఫీసు నుంచి వస్తుంది, మీసేవలో దరఖాస్తు పెట్టొచ్చు. పోయినవారి కుటుంబంలో ఎవరెవరు ఉన్నారో చెబుతుంది, ఎవరికి ఎంత అన్నది తేల్చదు. సక్సెషన్ సర్టిఫికెట్ సివిల్ కోర్టు ఇస్తుంది. డిపాజిట్లు, షేర్లు, రావలసిన బాకీలు వసూలు చేసుకోవడానికి పనికొస్తుంది. కోర్టు ఫీజు, లాయరు ఫీజు, నెలల సమయం పడతాయి. ఇంటికి, పొలానికి ఇది పనికిరాదు. పొలానికి తెలంగాణలో భూముల రికార్డుల పోర్టల్ భూభారతిలో విరాసత్, ఆంధ్రలో మ్యుటేషన్, అంటే రికార్డుల్లో పేరు మార్పు, చేయించుకోవాలి.

నాన్న ఖాతాకు అన్నయ్య నామినీ. డబ్బు ఇవ్వొద్దని బ్యాంకుకు లెటర్ రాస్తే ఆపుతారా?

ఆపరు. నామినీ కాని వాళ్ల క్లెయిము నోటీసు పట్టించుకోనక్కర్లేదని చట్టమే బ్యాంకుకు చెబుతోంది. కోర్టు నుంచి ఉత్తర్వు తెస్తే ఆపుతారు. డబ్బు ఇచ్చేశాక బ్యాంకు మీద కేసు వేసి లాభం లేదు, మీ వాటా కోసం అన్నయ్య మీదే వేయాలి. ముందు పెద్దమనుషుల మధ్య కూర్చుని మాట్లాడుకోండి. లాయరు నోటీసు వెళ్లాక సంక్రాంతికి ఒకే ఇంట్లో భోజనం చేసిన అన్నదమ్ములను నేను పెద్దగా చూడలేదు.

నాన్న చేసిన అప్పులు నామినీ కట్టాలా?

నామినీ అయినందుకు సొంత జేబులోంచి కట్టక్కర్లేదు. వారసులు కూడా తమకు సంక్రమించిన ఆస్తి విలువ మేరకే బాధ్యులు. నాన్న వదిలింది 3 లక్షలు, అప్పు 8 లక్షలయితే, మిగతా 5 లక్షలు మీ జీతంలోంచి కట్టమని ఎవరూ బలవంతం చేయలేరు. మీరు ఆ అప్పుకు హామీ సంతకం పెట్టి ఉంటే మాత్రం అది వేరే లెక్క, అప్పుడు మీరు కొడుకుగా కాదు, హామీదారుగా చిక్కుకున్నట్టు.

రెండో భార్యను నామినీగా పెట్టి పోయారు. ఆమెకు వస్తుందా?

మొదటి భార్య ఉండగా, విడాకులు కాకుండా చేసుకున్న రెండో పెళ్లి హిందూ చట్టం ముందు చెల్లదు. కాబట్టి ఆమె వారసురాలు కాదు. నామినీ కాబట్టి డబ్బు అందుకోగలదు, అందుకుని వారసులకు ఇవ్వాలి. ఆమెకు పుట్టిన పిల్లలు మాత్రం తండ్రి ఆస్తిలో వారసులే. 2023 సెప్టెంబరులో సుప్రీంకోర్టు దీన్ని మరోసారి స్పష్టం చేసింది.

ఫ్యామిలీ పెన్షన్‌కు నామినీ ఎవరైతే వాళ్లకే వస్తుందా?

రాదు. ఫ్యామిలీ పెన్షన్ ఎవరికన్నది సర్వీసు నియమాలే చెబుతాయి, ముందు భార్య లేదా భర్త. నామినీ కాగితం దాన్ని మార్చలేదు.

అమెరికాలో 401(కె)కి బెనిఫిషియరీ రాశాను. ఇండియా నామినీ లాంటిదేనా?

కాదు, దాదాపు తలకిందులు. 401(కె) అంటే అక్కడి ఉద్యోగులు రిటైర్మెంటు కోసం జీతంలోంచి దాచుకునే ఖాతా. అక్కడ బెనిఫిషియరీగా రాసిన మనిషికి ఆ డబ్బు సొంతంగానే దక్కుతుంది. వీలునామాలో ఇంకో పేరు ఉన్నా ఈ ఫారమే గెలుస్తుంది. పెళ్లైనవాళ్లు 401(కె)లో భార్యను కాదని ఇంకొకరి పేరు రాయాలంటే ఆమె రాతపూర్వక ఒప్పుదల ఉండాలి. అక్కడి అలవాటుతో ఇక్కడ అమ్మను నామినీగా పెట్టేసి 'అయిపోయింది' అనుకునే పిల్లలు చాలామంది. హైదరాబాదులో ఎఫ్‌డీ ఉంటే ఇక్కడి లెక్కే.

తాతయ్యకు ఏవో ఖాతాలు ఉన్నాయని విన్నాం, నామినీ ఎవరో కూడా తెలియదు. ఎలా వెతకాలి?

పదేళ్లు ఎవరూ కదపని డిపాజిట్లను బ్యాంకులు రిజర్వ్ బ్యాంకు దగ్గరున్న నిధికి పంపేస్తాయి. హక్కు పోదు, ఎప్పుడైనా అడగొచ్చు. వెతకడానికి 2023లో ఉద్గమ్ అనే పోర్టల్ పెట్టారు. పేరు, పాన్ లేదా పుట్టిన తేదీ లాంటి వివరం ఇస్తే ఏ బ్యాంకులో ఉందో చూపిస్తుంది. తాతయ్య పేరును ఇంటిపేరు ముందు పెట్టి ఒకసారి, వెనక పెట్టి ఒకసారి, పొడి అక్షరంతో ఇంకోసారి వెతకండి. మన పేర్లను ఆ కాలపు గుమాస్తాలు ఎవరికి తోచినట్టు వాళ్లు రాశారు.